పాత పాజెరోకి పై ఆర్మ్ వెతుకులాట: నా గ్యారేజీ డైరీ

నవంబర్ 10, 2024, ఆదివారం

స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగిన ప్రతిసారీ ముందు ఎడమ చక్రం దగ్గర ‘టక్’ మంటోంది. దసరా నుంచీ వింటున్నాను. పదిహేడేళ్ల బండి, ఎక్కడో ఒకచోట మూలగకుండా ఉంటుందా అని పాటల సౌండు పెంచి తిరిగాను. నిన్న బండి కడుగుతుంటే టైరు మీద చెయ్యి పడింది. బయటి అంచున గాడులు లోతుగానే ఉన్నాయి, లోపలి అంచు మాత్రం బోడిగుండులా నున్నగా తయారైంది. ఇక సౌండు పెంచి లాభం లేదు.

బండి 2007 మిత్సుబిషి పాజెరో ఎస్‌ఎఫ్‌ఎక్స్, 2.8 లీటర్ల డీజిల్. పుట్టింది తిరువళ్లూరులోని హిందుస్థాన్ మోటార్స్ ప్లాంటులో, పెరిగింది ఢిల్లీలో. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీలో తిరగకూడదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్నే నిలబెట్టింది. ఆ ఏడే మొదటి ఓనరు అమ్ముకుంటే, వేరే రాష్ట్రానికి మార్చుకునే అనుమతి పత్రం (ఎన్‌ఓసీ)తో నిజామాబాద్ చేరింది. 2022లో పదిహేనేళ్లు నిండాక ఆర్సీ ఇంకో ఐదేళ్లకు రెన్యువల్ చేయించాను. కాగితాల మీద 2027 దాకా ఆయుష్షు ఉంది. చక్రాల సంగతే చూడాలి.

పొద్దున భాయ్ వచ్చాడు. మా వీధి చివర షెడ్డు ఆయనది. పాత జీపుల మీద చెయ్యి తిరిగిన మనిషి. ఛాసిస్ కింద జాకీ పెట్టి చక్రం గాల్లోకి లేపాం. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ పాజెరోకి ముందు పక్క కాయిల్ స్ప్రింగులు లేవు. ఛాసిస్ పొడవునా పడుకున్న ఉక్కు కడ్డీ ఉంటుంది, టార్షన్ బార్ అంటారు. చక్రం పైకి లేస్తే ఆ కడ్డీ మెలిపడుతుంది, మళ్లీ విప్పుకుంటూ చక్రాన్ని కిందికి తోస్తుంది. చక్రాన్ని ఛాసిస్‌కి కలుపుతూ పైనొకటి, కిందొకటి ఇనుప చేతులుంటాయి, వాటినే ఆర్మ్‌లంటారు. ఈ బండిలో ఆ కడ్డీ పట్టుకునేది పై ఆర్మ్‌ని. అంటే ముందు భాగం బరువంతా పై ఆర్మ్, దాని చివర బాల్ జాయింట్ (అన్ని వైపులా తిరిగే గుండ్రటి కీలు) మీదుగా చక్రానికి చేరుతుంది. చాలా బండ్లలో స్ప్రింగు కింది ఆర్మ్ మీద కూర్చుంటుంది కాబట్టి మెకానిక్కులు అలవాటు కొద్దీ కింది జాయింటే కదిపి చూసి ‘బాగానే ఉంది సార్’ అనేస్తారు. నాకు కిందటి ఏడాది ఆ సర్టిఫికెట్ దొరికింది కూడా.

భాయ్ అలా చెయ్యలేదు. పై ఆర్మ్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఒక చెక్కముక్క ఇరికించాడు. అప్పుడు టార్షన్ బార్ తోపు ఆ చెక్క మీద పడుతుంది, జాయింటు తేలికవుతుంది, దాని అసలు ప్లే, అంటే వదులుతనం, బయటపడుతుంది. టైరు కింద గడ్డపార పెట్టి ఎత్తగానే జాయింటు దగ్గర ‘కటక్’. రబ్బరు బూటు చిరిగి, లోపల గ్రీజు ఉండాల్సిన చోట ఎర్రటి బురద. ఆర్మ్ ఛాసిస్‌కి కలిసే చోట ఉండే రబ్బరు తొడుగులు, రెండు బుష్షులూ, పగిలి, ఇనుము ఇనుముకి తగులుతోంది.

అంతటితో అయితే ఈ డైరీ రెండు రోజుల్లో ముగిసేది. భాయ్ టార్చి వేసి ఆర్మ్ వెనక కాడ మీద వేలు పెట్టాడు. అక్కడ పెయింటు అడ్డంగా చిట్లి ఉంది. “ఇది వంగింది అన్నా. ఎప్పుడో గుంతలో గట్టిగా పడ్డది.” కుడి పక్కకి వెళ్లి చూస్తే ఆ కాడ బద్దలా తిన్నగా ఉంది. ఎడమది కొంచెం కొడవలి.

నవంబర్ 12

అలైన్‌మెంట్ చేయించాను, రిపేరు కోసం కాదు, అంకెల కోసం. కెంబర్, అంటే నిలువుగా చూస్తే చక్రం వాలు, కుడి పక్క దాదాపు సున్నా, ఎడమ పక్క మైనస్ 2 డిగ్రీలకు దగ్గర. అంటే చక్రం తల లోపలికి వాల్చుకుని నడుస్తోంది. ఈ బండిలో కెంబర్ సరిచేసేది షిమ్ములతో, పై ఆర్మ్ షాఫ్టుకీ (ఆర్మ్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే ఇరుసు) ఛాసిస్‌కీ మధ్య పెట్టే పలుచటి ఇనుప బిళ్లలు. షాపు కుర్రాడు లోపలికి తొంగి చూసి, “ఇంక సర్దడానికి జాగా లేదు సార్, ముందే ఎవరో మొత్తం వాడేశారు” అన్నాడు. అంటే ఆర్మ్ వంగిందని నాకంటే ముందే ఒకరికి తెలుసు. కొత్త ఆర్మ్ కొనే బదులు షిమ్ములతో దాచి బండి అమ్మేశారు. కొన్నప్పుడు నేను చూసింది సీట్లూ, ఏసీ.

నవంబర్ 13

వెల్డింగ్ షాపాయన వేడి చేసి సాగదీస్తానన్నాడు, ఆరు వందలకి. నమస్కారం పెట్టి వచ్చేశాను. ఎర్రగా కాల్చిన ఉక్కు పాత బలంతో తిరిగి రాదు. బండి ముందు బరువు మోసేది ఆ ఆర్మే.

నవంబర్ 17, ఆదివారం

ఈ వారమంతా రాత్రిపూట పార్ట్ నంబర్ల వేట. మొదట నాకు తెలియక తప్పు దారిలో పోయాను. ‘2007 పాజెరో’ అని వెతికితే వచ్చేవన్నీ వేరే బండివి. ఎందుకంటే జపాన్‌లో 1999లోనే మూడో తరం పాజెరో వచ్చేసింది, దానికి ఛాసిస్ కూడా వేరుగా ఉండదు. మనకు 2002 నుంచి 2012లో పాజెరో స్పోర్ట్ వచ్చేదాకా అమ్మింది అంతకు ముందు తరం బండి, 1991 నాటి డిజైను. కాబట్టి నా ఆర్సీలో ఏ సంవత్సరం ఉన్నా, సామాను వెతకాల్సింది 1991 నుంచి 1999 మధ్య బండికి. కేటలాగుల్లో వి46 అని ఉండేది మనకి దగ్గరి చుట్టం, ఇంజిన్ 4ఎం40.

పేర్లతోనూ తంటానే. ఇదే బండిని అమెరికాలో, స్పెయిన్‌లో మాంటెరో అన్నారు, బ్రిటన్‌లో షోగన్ అన్నారు. మూడు పేర్లతోనూ వెతకాలి. హ్యుందాయ్ గాల్లోపర్ అని ఇంకొకటి తగులుతుంది, చూడ్డానికి పాజెరోలాగే ఉంటుంది కానీ అది మొదటి తరం పాజెరో కూతురు, దాని జోలికి పోకూడదు. మిత్సుబిషి పాత నంబర్లు ఎంబీ అనే అక్షరాలతో మొదలై ఆరంకెలు ఉంటాయి, తర్వాతివి ఎంఆర్‌తో. ఒక నంబరు ఆపేసి దాని బదులు ఇంకొకటి ఇస్తూ పోయారు. పాత నంబరు చెప్తే ‘లేదు’ అనే దుకాణం, కొత్త నంబరు చెప్తే అదే అరలోంచి తీసి ఇవ్వొచ్చు. అందుకని రెండు నంబర్లూ, పాతదీ కొత్తదీ, నోట్‌బుక్‌లో పక్కపక్కన రాసుకున్నాను.

కొత్త ఆర్మ్ కోసం ఒక సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేశాను. మొత్తం డబ్బు ముందే కట్టాలి, మూడు నెలలు పట్టొచ్చు, వచ్చాక సరిపోకపోతే వాపసు లేదు అన్నారు. ధర విన్నాక మా ఆవిడకు చెప్పలేదు.

చైనా ఆర్మ్‌లు ఆన్‌లైన్‌లో చాలానే ఉన్నాయి. దానికీ కారణం ఉంది. చాంగ్‌ఫెంగ్ అనే చైనా కంపెనీ లైసెన్సు తీసుకుని ఈ రెండో తరం పాజెరోనే లీబావ్ పేరుతో తయారుచేసింది. అక్కడ ఆ బండ్లు ఉన్నాయి కాబట్టి సామానూ ఉంది. అందరూ దొంగ సరుకు అమ్ముతారని నేననను. కానీ ఇద్దరు అమ్మకందార్లను రెండు కొలతలు అడిగాను, షాఫ్టు మీద రెండు బోల్టు రంధ్రాల మధ్య దూరం, షాఫ్టు నుంచి జాయింటు మధ్యకి దూరం. ఒకరు జవాబివ్వలేదు, ఇంకొకరు ‘100 శాతం ఫిట్’ అని రాశారు. కొలత అడిగితే శాతం చెప్పేవాడి దగ్గర కొనను.

ఇంతసేపు ఆలోచించాక నా లెక్క ఒకటి తేలింది. ఆర్మ్ అనేది అరిగే వస్తువు కాదు. వంగుతుంది, చిట్లుతుంది, తుప్పు పడుతుంది, అంతే. ఆ మూడూ కంటితో, కొలతతో పట్టుకోవచ్చు. అరిగేవి బుష్షులూ బాల్ జాయింటూ. అందుకని ఆర్మ్ కంపెనీ వాళ్లది, వాడినదైనా పరవాలేదు. అందులో కూర్చునేవి మాత్రం కొత్తవి, మంచివి. ఊరూ పేరూ లేని కొత్త ఆర్మ్ కంటే ఇదే నయం.

నవంబర్ 23, శనివారం

హైదరాబాద్. ఆదివారం మార్కెట్ ఉండదని ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వెళ్లాను. పొద్దున రాణీగంజ్, మధ్యాహ్నం పుత్లీబౌలి.

రాణీగంజ్‌లో బాల్ జాయింట్ల పని అయిపోయింది. జపాన్ 555 బ్రాండువి, పై జాయింట్లు రెండు. ఈ బ్రాండు పేరుతో నకిలీలు కుప్పలు. దుకాణాయన ఒకే నంబరుకి రెండు డబ్బాలు పెట్టాడు, ఒకటి 1,100, ఇంకొకటి 2,900. “రెండూ ఒరిజినలే, ఇది కొంచెం తక్కువ ఒరిజినల్” అన్నాడు, నవ్వకుండా. చేతిలో పట్టుకుంటే తేడా తెలిసింది. చవకది చేత్తో తిప్పగానే గిర్రున తిరిగింది. కొత్త జాయింటు అలా తిరగకూడదు, బిగుతుగా, ఒకే బరువుతో కదలాలి. బూటు రబ్బరు గిల్లితే గోటి గుర్తు నిలిచిపోయింది. ఖరీదైనదాని ఒంటి మీద 555 గుర్తు లోహంలోనే దిగి ఉంది, చవకదాని మీద స్టిక్కరు. ఖరీదైనవే కొన్నాను.

బుష్షుల దగ్గర పాలీయురేథేన్‌వి వేసుకోమని బలవంతం చేశారు. గట్టిగా ఉంటాయి, ఎక్కువ కాలం వస్తాయి, నిజమే. కానీ నా బండి ఆర్మూర్ రోడ్డు మీద పెళ్లిళ్లకి తిరిగే బండి. రబ్బరువే తీసుకున్నాను.

పుత్లీబౌలిలో ఆర్మ్ అడగ్గానే ప్రతి దుకాణంలోనూ మొదటి ప్రశ్న ఒకటే. “కౌన్సా పాజెరో? స్పోర్ట్ క్యా?” మూడో దుకాణంలో ఒక కుర్రాడు పైకెక్కి దుమ్ము కొట్టుకుపోయిన ఆర్మ్ ఒకటి దింపి నా ముందు పడేశాడు. “ఇగో అన్నా, పాజెరోదే.” టార్షన్ బార్ పట్టే చోటే లేదు దానికి, ముందు పక్క స్ప్రింగులుండే బండిది. నా బండికి స్ప్రింగే లేదు. “గిది స్పోర్ట్‌ది తమ్మీ, నాది టార్షన్‌ది” అంటే, అంత దూరం నుంచి చూసి కూడా వాళ్ల సేటు, “టార్షన్‌దా? ఆ మాల్ రాదిప్పుడు. వచ్చినప్పుడు కిలోల లెక్కన పోయింది” అన్నాడు. అట్లా కిలోల లెక్కన పోయినవి తలుచుకుంటూ ఇరానీ చాయ్ తాగి బస్సెక్కాను.

డిసెంబర్ 1, ఆదివారం

మా బావమరిది షార్జాలో ఉంటాడు, జగిత్యాల వాడు. గల్ఫ్‌లో పాజెరోలు మన దగ్గర అంబాసిడర్లు ఉన్నట్టు ఉండేవి. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పాత బండ్లు విప్పి అమ్మే దుకాణాలు వీధులకు వీధులే. డిసెంబర్ 2, 3 అక్కడ జాతీయ దినోత్సవం సెలవులు, ఆ ముందే వారాంతం. “బావా, నాకు బండి సామాను తెల్వదు. ఏం కావాల్నో రాసి పంపు, తెస్తా” అన్నాడు. పంపాను. రాసింది ఇంతే: ‘1991 నుంచి 1999 మధ్య పాజెరో, టార్షన్ బార్‌ది, ప్యాసింజర్ సైడ్ పై ఆర్మ్. వంపు, పగులు ఉండకూడదు.’

మధ్యాహ్నం వీడియో కాల్. దుకాణం వెనక ఇనుప కమ్మీలకు ఆర్మ్‌లు గొర్రె తొడల్లా వేలాడుతున్నాయి. ఒకదాన్ని దింపి కెమెరా ముందు అటూ ఇటూ తిప్పాడు. తిన్నగా ఉంది, పెయింటు చిట్లలేదు, టార్షన్ బార్ పట్టే చోటు నల్లగా శుభ్రంగా ఉంది. టేపు పెట్టి కొలిపించాను. నా నోట్‌బుక్‌లో కొలతకి సరిగ్గా సరిపోయింది. నూట ఇరవై దిర్హములు. గంతేసినంత పని చేశాను.

గ్రీజు పూర్తిగా పోయేలా కడిగించి తెమ్మన్నాను. నూనె మరకలున్న సామానుని విమానంలోకి రానివ్వరు.

డిసెంబర్ 22, ఆదివారం

బావమరిది నిన్న రాత్రి దిగాడు. ఆర్మ్‌ని తువ్వాల్లో చుట్టి, దుప్పట్ల మధ్య పెట్టి తెచ్చాడు. శంషాబాద్‌లో స్కానర్ దగ్గర “ఇదేంటి?” అని అడిగితే “మా బావ బండి చెయ్యి సార్” అన్నాడట. నవ్వి వదిలేశారు.

పొద్దున్నే విప్పి, పాత ఆర్మ్ పక్కన పెట్టుకునే ఓపిక లేక నేరుగా బండి కిందికి దూరి పట్టి చూశాను. ఎంత తిప్పినా కుదరదు. జాయింటు స్టడ్ (బయటికి పొడుచుకొచ్చే మర మేకు) కిందికి పెడితే టార్షన్ బార్ పట్టే చోటు ముందుకు వస్తోంది. దాన్ని వెనక్కి తిప్పితే స్టడ్ ఆకాశం చూస్తోంది. అర నిమిషం పట్టింది నాకు అర్థం కావడానికి. ఇది కుడి పక్కది.

తప్పు ఎవరిదో తెలుసుకోవడానికి నా మెసేజి మళ్లీ చదువుకున్నాను. ‘ప్యాసింజర్ సైడ్’ అని రాశాను. మన దగ్గర డ్రైవరు కుడి పక్క కూర్చుంటాడు, ప్యాసింజర్ అంటే ఎడమ. షార్జాలో డ్రైవరు ఎడమ పక్క. అక్కడి దుకాణాయన అడిగినదే ఇచ్చాడు. వాళ్ల ప్యాసింజర్ సైడ్, నా డ్రైవర్ సైడ్. వీడియోలో నాకెందుకు తెలియలేదంటే, విడిగా ఉన్న ఆర్మ్‌ని బోర్లా తిప్పితే ఎడమది కుడిదిలా, కుడిది ఎడమదిలా కనిపిస్తుంది. కొలతలు రెండు పక్కలా ఒకటే. స్టడ్ ఏ వైపు, టార్షన్ ఏ వైపు అని రెండూ కలిపి చూస్తేనే తేడా. నేను కొలత ఒకటే చూసి సంబరపడ్డాను. మూడు వారాలు ఎదురుచూసి, 2,700 రూపాయలు పెట్టి, బాగున్న పక్కకి ఆర్మ్ తెప్పించుకున్నాను.

బావమరిది మొహం చిన్నబుచ్చుకుంటే, “నీదేం తప్పు లేదురా, నేను రాసిందే తప్పు” అని చెప్పి మటన్ తేవడానికి పోయాను.

డిసెంబర్ 26

భాయ్‌కి విజయవాడలో ఒక తెలిసినాయన ఉన్నారు, జవహర్ ఆటోనగర్‌లో పాత బండ్లు కోసే వ్యాపారం. ఫోన్ చేస్తే మొదట, “ఆ పాజెరోవి ఎక్కడున్నాయండీ ఇప్పుడు” అన్నారు. అరగంటకి ఆయనే తిరిగి చేశారు. “ఎడమది ఒకటుందండీ. ఇచ్చేవాణ్నే గానీ, నాకు కుడిది కావాలి. ఏలూరాయన ఒకరు నెల్నుంచి అడుగుతున్నారు.”

ఆ మాట వినగానే నా చేతిలోని ఆర్మ్ బరువు తగ్గింది. ఇచ్చిపుచ్చుకోవడం ఖాయం చేసుకున్నాం. నాది గల్ఫ్ నుంచి వచ్చిన శుభ్రమైన సరుకు, ఆయనది షాఫ్టు మీద కొంచెం తుప్పున్నది. అయినా వెయ్యి రూపాయలు నేనే పైన ఇవ్వాలన్నారు. ‘ఎడమదాని కోసం వచ్చింది మీరు కదండీ’ అని. బేరం ఐదు వందల దగ్గర ఆగింది.

ఈసారి తొందరపడలేదు. ఆర్మ్ మీద సుద్దతో ‘ముందు’, ‘పైన’ అని రాయించి, బండిలో ఎలా ఉంటుందో అలా పట్టుకుని ఫోటో తీయమన్నాను. స్టడ్ కిందికి, టార్షన్ వెనక్కి, షాఫ్టు ఇంజిన్ వైపు. ఆ ఫోటో పట్టుకుని నా బండి పక్కన నిలబడి పోల్చుకున్నాను. మా ఆవిడ కిటికీలోంచి చూసి, “ఫోన్ పట్టుకుని బండికి దండం పెడుతున్నావా?” అంది.

ముందు ఎవరు పంపాలన్న ఇబ్బంది వచ్చింది. ఇద్దరం ఒకే సాయంత్రం ఆర్టీసీ కార్గోలో వేసి, రసీదుల ఫోటోలు ఒకరికొకరు పంపుకున్నాం.

డిసెంబర్ 29, ఆదివారం

వచ్చింది. ఎడమదే.

పగుళ్ల పరీక్ష చేశాం. ఇది భాయ్ పద్ధతి. వైర్ బ్రష్‌తో తుప్పు, పెయింటు గీకేసి, కాడలు కలిసే మూలల్లో, జాయింటు కూర్చునే చోట చుట్టూ కిరోసిన్ పూయాలి. పావుగంట ఆగి, పొడి బట్టతో గట్టిగా తుడిచేసి, మెత్తగా నూరిన సుద్దపొడి చల్లాలి. వెంట్రుకంత పగులున్నా దాంట్లో దాగిన కిరోసిన్ మెల్లగా పైకి వచ్చి తెల్లటి పొడి మీద తడి గీతలా కనిపిస్తుంది. ఇద్దరం గొంతుక్కూర్చుని ఆ తెల్లటి ఇనుము వంక చూస్తూ ఉండిపోయాం. ఒకచోట గీత కనబడి గుండె గుభేలుమంది, తీరా చూస్తే బ్రష్ గీరు. మళ్లీ రుద్ది మళ్లీ చల్లితే రాలేదు. తర్వాత గ్రానైట్ బండ మీద పరిచి కొలిచి, ఇంకా బండి మీదే ఉన్న నా వంగిన ఆర్మ్ కొలతతో పోల్చాను. పాతది షాఫ్టు నుంచి జాయింటు మధ్యకి 9 మిల్లీమీటర్లు పొట్టి. ఇన్నాళ్లూ టైరుని లోపలి నుంచి తింటున్నది ఈ 9 మిల్లీమీటర్లే.

జనవరి 4, 2025, శనివారం

లేత్ షాపులో ప్రెస్ కింద పాత బుష్షులు తీయించి కొత్తవి దించాం. బుష్షులని రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టాను, ఇనుప తొడుగు చల్లబడి కాస్త ముడుచుకుంటే సులువుగా దిగుతుందని. ఇడ్లీ పిండి గిన్నె పక్కన అవి చూసి ఇంట్లో జరిగిన సంభాషణ ఇక్కడ రాయను. రబ్బరుకి గ్రీజు పూయనివ్వలేదు, అది రబ్బరుని ఉబ్బిస్తుంది. సబ్బునీళ్లే.

జనవరి 5, ఆదివారం

బిగించిన రోజు. పొద్దున ఏడింటికి మొదలుపెడితే చీకటి పడింది.

విప్పే ముందే మూడు పనులు చేశాం. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచుకి ఎత్తు కొలిచి రాసుకున్నాం. టార్షన్ బార్ వెనక చివర, దాని మెలికని పట్టి ఉంచే యాంకర్ బోల్టు మర బయటికి ఎంత పొడుచుకొచ్చిందో వెర్నియర్‌తో కొలిచాం, 71 మిల్లీమీటర్లు. బార్ మీదా, అది దూరే చోటా కలిపి తెల్ల పెయింటుతో ఒక గీత గీశాం, తిరిగి పెట్టేటప్పుడు పళ్లు తప్పకుండా. బార్లు ఎడమకి వేరు, కుడికి వేరు, చివర్న గుర్తులుంటాయి. మారిస్తే మెలిక తిరగబడుతుంది, అలవాటు లేని వైపు మెలేస్తే ఆ ఉక్కు ఎక్కువ కాలం ఆగదు.

యాంకర్ బోల్టు వదులు చేసేటప్పుడు భాయ్ మాట్లాడటం మానేశాడు. బండి ముందు బరువుని మోస్తున్న మెలిక అంతా ఆ ఒక్క బోల్టు మీద ఉంటుంది. ఒకేసారి తీసేస్తే పానా ఎటు పోతుందో, చెయ్యి ఎటు పోతుందో తెలియదు. అరచుట్టు, ఆగడం, మళ్లీ అరచుట్టు. మర చివరికి వచ్చేసరికి బార్ లోపల ఎక్కడో ‘డుప్’ అని ఒక బరువు దిగినట్టు వినిపించింది. అప్పుడు బీడీ వెలిగించాడు.

బాల్ జాయింటు స్టడ్ కోన్‌లో ఇరుక్కుపోయింది. స్ప్లిట్ పిన్ తీసి, నట్టు చివరి మరల దాకా వదులు చేసి, నకిల్ (చక్రం బిగించే ఇనుప దిమ్మ) కన్ను మీద రెండు వైపుల నుంచీ ఒకేసారి రెండు సుత్తులు. నట్టు మొత్తం తీసేస్తే ఊడినప్పుడు ఆర్మ్ మొహం మీదికి వస్తుంది, అందుకని ఉంచాలి. మూడో దెబ్బకి వదిలింది. బ్రేక్ పైపు సాగకుండా కాలిపర్‌ని (బ్రేకు బిళ్లని నొక్కే భాగం) తీగతో పైకి కట్టాం.

షిమ్ములు బయటికి తీసి ముందు బోల్టువి, వెనక బోల్టువి వేర్వేరు దారాలకు గుచ్చాను. ఎడమ పక్కవి తీసి చూస్తే లెక్కాపత్రం లేకుండా దూర్చినవి, ఒకటైతే డబ్బా రేకు కత్తిరించి చేసింది. అవి పక్కన పెట్టి, కుడి పక్క ఎన్నున్నాయో అన్నే పెట్టాం.

అన్నిటికంటే ముఖ్యమైనది, చాలామంది తొందరలో పట్టించుకోనిది: బుష్షు నట్లు చక్రం గాల్లో ఉండగా చివరిదాకా బిగించకూడదు. రబ్బరు బుష్షు తిరగదు, మెలిపడుతుంది. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, బండి నేల మీదికి దిగగానే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, ఆరు నెలల్లో చిరుగుతుంది. చేతి బిగువు వరకే పెట్టి, చక్రం తొడిగి, యాంకర్ బోల్టుని 71కి తిప్పి, బండిని చెక్క పలకల మీదికి దించి, బంపర్ నొక్కి నొక్కి వదిలాం. మడ్‌గార్డ్ ఎత్తు రాసుకున్నదానికి 6 మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చింది. కొత్త జాయింటు, తిన్నటి ఆర్మ్ కాబట్టి రావడం సహజమే. బోల్టు కొంచెం వెనక్కి తిప్పి కుడి పక్కతో సమానం చేశాం. అప్పుడు బండి కిందికి దూరి, పడుకుని, నట్లు బిగించాం.

జనవరి 8

అలైన్‌మెంట్. ఎడమ కెంబర్ కుడిదానికి పావు డిగ్రీ తేడాలోకి వచ్చింది. ఒక షిమ్ము మారిస్తే అదీ పోయింది. టో, అంటే పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం, అదీ సరిచేశారు. అరిగిన టైరుని స్టెప్నీకి పంపి, స్టెప్నీని ముందుకు వేశాను. ఆర్మ్ షార్జా ఖర్చు, ఐదు వందల పైకం, జాయింట్లు, బుష్షులు, ప్రెస్, భాయ్ కూలీ, అలైన్‌మెంట్ రెండుసార్లు, అంతా కలిపి పదిహేను వేలకి కొంచెం లోపు. మొదటి రోజే కొత్త ఆర్మ్‌కి ఆర్డరిచ్చి ఉంటే దానికి మూడింతలు, ఇంకా ఎదురుచూస్తూ ఉండేవాణ్ని. సంక్రాంతికి అత్తగారింటికి ఈ బండిలోనే వెళ్తున్నాం.

ఫిబ్రవరి 9, ఆదివారం

వెయ్యి కిలోమీటర్లు దాటాయి. నట్లన్నీ మళ్లీ పానా పెట్టి చూశాను, ఏదీ కదల్లేదు. యాంకర్ బోల్టు పెట్టిన చోటే ఉంది, తెల్ల గీత చెదరలేదు. టైరు మీద రెండు అంచులూ ఒకేలా గరుగ్గా ఉన్నాయి. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎడమ పక్క నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో ఇన్నాళ్లూ వినబడనిది ఒకటి వినిపిస్తోంది. టార్చి వేసి చూస్తే కింది ఆర్మ్ వెనక బుష్షు రబ్బరు మీద సన్నటి చీలిక. ఇంకా టైముంది. బావమరిదికి ఫోటో పంపి, కింద రాశాను: ‘స్టీరింగ్ ఏ పక్కనున్నా సరే, సీట్లో కూర్చుని ముందుకి చూస్తే కుడి చెయ్యి వైపు. కుడి.’